మీకు తెలుసా? రీస్టార్ట్ వెనక దాగే నీలి తెర

ఇంట్లో కంప్యూటర్ పని మధ్యలో దానంతటదే ఆగి మళ్లీ మొదలవుతోందా? విండోస్ క్రాష్ అయితే వెంటనే రీస్టార్ట్ కావాలన్న సెట్టింగ్ మొదటినుంచీ ఆన్‌లోనే ఉంటుంది. అందుకే కారణం చెప్పే నీలి తెర చదివేలోపే మాయమవుతుంది. సిస్టమ్ ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్, స్టార్టప్ అండ్ రికవరీలోకి వెళ్లి ‘ఆటోమేటికల్లీ రీస్టార్ట్’ దగ్గరున్న టిక్ తీసేయండి. ఈసారి ఎర్రర్ కోడ్ కదలకుండా నిలుస్తుంది, ఫోన్‌తో ఫొటో తీసుకోండి.

విండోస్‌లో జరిగినవి నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్‌లో ‘కెర్నల్-పవర్ 41’ చూసి కంగారుగా విండోస్ మళ్లీ వేయించకండి. సరిగ్గా షట్‌డౌన్ కాలేదని మాత్రమే దాని అర్థం.

నీలి తెర అసలే రాకుండా ఠక్కున ఆగిపోతే వేడినో, కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్‌నో అనుమానించాలి. గేమ్ ఆడేటప్పుడే ఆగుతుంటే మరీనూ. ప్లగ్ పీకి క్యాబినెట్ పక్క మూత విప్పండి. హీట్‌సింక్ రెక్కల మధ్య దుమ్ము దూదిపొరలా పేరుకుని గాలి ఆడనివ్వదు. మెత్తటి బ్రష్‌తో దులపండి. పాత మదర్‌బోర్డయితే కెపాసిటర్ల తలలు కూడా చూడండి: చదునుగా ఉంటే మంచివే, ఉబ్బినా గోధుమరంగు జిగురు కారినా పాడైనట్టే. 2000 తర్వాతి తొలి ఏళ్లలో నాసిరకం ఎలక్ట్రోలైట్ వల్ల ప్రపంచమంతటా ఎన్నో బోర్డులు ఇలాగే పోయాయి.

ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం విప్పవద్దు. ప్లగ్ తీసేసినా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన కరెంటు కాసేపు నిలిచే ఉంటుంది.