వీపున మూట, భుజాన తుపాకి

కోయంబత్తూరు, మధుర తెలుగిళ్ళలో తాతలు వేటకు తుపాకి మోసిన కబుర్లు కొన్ని మిగిలాయి. 1972 నాటి వన్యప్రాణి చట్టం ఆ ముచ్చటకు అడ్డుకట్ట వేసింది. నేడు మన పిల్లలు తుపాకి పట్టేది ఎక్కువగా 1948లో ఏర్పడిన ఎన్.సి.సి.లోనే.

పాత .303 రైఫిలు బరువు సుమారు 4 కిలోలు. వీపున సంచి ఉంటే తుపాకి పట్టీ భుజాన నిలవక జారుతుంది. దాన్ని ఆపడానికి పిల్లవాడు భుజం ఎగదీసి నడుస్తాడు. సాయంత్రానికి మెడ పట్టేస్తుంది.

ముందు సంచి తగిలించి, నడుము పట్టీ బిగించి, బరువును తుంటి మీదికి దించవలెను. ఆపైన తుపాకి పట్టీని మెడ మీదుగా ఏటవాలుగా వేసి, తుపాకిని రొమ్ము ముందుకు తెచ్చుకోవలెను. పళని కావడిలా ముందూ వెనుకా బరువు కొంత సర్దుకుంటుంది.

గొట్టపు నోరు ఎవరి వైపూ తిరగరాదు. లోపల తూటా ఉండరాదు. కొండ దిగేటప్పుడు కాలు జారడం మామూలే గదా! ఇంటి దగ్గర ఎదురుచూసే తల్లికి ఆ ఖాళీ తుపాకే ధైర్యం.