పరిశోధన పత్రికలు – ప్రచురణ నీతి

సాహిత్యం సరుకుగా మారడాన్ని గురించి అభ్యుదయ విమర్శకులు చాలా రాశారు. పరిశోధన సరుకుగా మారడాన్ని గురించి జరగవలసినంత చర్చ జరగలేదు. అది విశ్వవిద్యాలయాల సొంత వ్యవహారమని మనలో చాలామంది వదిలేశారు. కాని ఒక కవి కాలాన్ని గురించిగాని, ఒక మాండలికాన్ని గురించిగాని, ఒక జానపద కళారూపాన్ని గురించిగాని మనం రాసేటప్పుడు ఆధారంగా తీసుకునేది ఎవరో ఒక పరిశోధకుడు ఏదో ఒక పత్రికలో వేసిన వ్యాసాన్నే. ఆ వ్యాసం నిజాయితీ లేనిదైతే దానిమీద కట్టిన విమర్శ కూడా నిలవదు. కనుక పరిశోధన పత్రికల ప్రచురణ నీతి ఆచార్యులకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. రచయితలూ, సాహిత్య విద్యార్థులూ పట్టించుకోవలసిన విషయం.

పరిశోధన పత్రికకూ సాధారణ పత్రికకూ తేడా ఏమిటి? 1665లో లండన్ రాయల్ సొసైటీ కార్యదర్శి హెన్రీ ఓల్డెన్‌బర్గ్ 'ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్' పత్రిక ప్రారంభించాడు. ఎవరు ఏ విషయాన్ని ముందుగా కనుగొన్నారో నమోదు చేయడం, దాన్ని పదిమంది పరీక్షకు పెట్టడం అటువంటి పత్రికల పని. ఆ పని నుంచి కాలక్రమంలో మూడు హామీలు ఏర్పడ్డాయి. ఇందులో చెప్పింది కొత్త విషయం. చెప్పినవాడే కనుగొన్నవాడు. ఆ విషయం తెలిసిన మరొకరు దీన్ని పరీక్షించారు. పరిశోధన పత్రిక చదివే పాఠకుడు ఈ మూడు హామీలనూ నమ్మి చదువుతాడు. ప్రచురణ నీతి అంటే ఈ హామీలను నిలబెట్టుకోవడమే.

ఈ హామీలను రాతపూర్వకమైన నియమాలుగా మార్చే పనిలో వైద్యపత్రికల సంపాదకులు ముందు నడిచారు. 1978లో కొందరు సంపాదకులు కెనడాలోని వాంకూవర్‌లో సమావేశమై వ్యాసాలు పంపే పద్ధతికి ఉమ్మడి నియమాలు రూపొందించారు. 1997లో బ్రిటన్‌లో కొందరు వైద్యపత్రికల సంపాదకులు కలిసి ప్రచురణ నీతి కమిటీని ఏర్పాటు చేసుకున్నారు. తర్వాత ఇతర శాస్త్రాల పత్రికలూ అందులో చేరాయి. ఈ సంస్థల నియమాల సారాంశం సామాన్యుడికి కూడా అర్థమయ్యేదే. పనిలో నిజంగా పాలుపంచుకుని, రాసినదానికి జవాబుదారీ వహించేవాడే రచయిత. శాఖాధ్యక్షుడైనంత మాత్రాన, పర్యవేక్షించినంత మాత్రాన ఎవరూ రచయిత కారు. ఒకే వ్యాసాన్ని ఒకేసారి రెండు పత్రికలకు పంపకూడదు. రాసిన విషయంలో తనకు ధనలాభంగాని మరో ప్రయోజనంగాని ఉంటే దాచకూడదు. సమీక్షకుడు తన చేతికి వచ్చిన అముద్రిత వ్యాసాన్ని సొంతానికి వాడుకోకూడదు. తప్పు తేలితే పత్రిక దాన్ని బహిరంగంగా సరిదిద్దాలి. అవసరమైతే వ్యాసాన్నే ఉపసంహరించుకోవాలి.

వీటిని మర్యాదలుగా తీసిపారేయడానికి వీల్లేదు. 1998లో 'లాన్సెట్' అనే ప్రసిద్ధ వైద్యపత్రిక 12 మంది పిల్లల పరిశీలన ఆధారంగా ఒక వ్యాసం వేసింది. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే టీకాకూ ఆటిజంకూ సంబంధం ఉండవచ్చునన్న అనుమానాన్ని ఆ వ్యాసం లేవదీసింది. టీకా తయారీదారులపై దావాకు సిద్ధపడుతున్న న్యాయవాది నుంచి ప్రధాన రచయితకు డబ్బు ముట్టిన సంగతి అందులో లేదు. పత్రిక ఆ వ్యాసాన్ని పూర్తిగా ఉపసంహరించుకున్నది 2010లో. ఈలోగా బ్రిటన్‌లో ఎందరో తల్లిదండ్రులు పిల్లలకు టీకా వేయించడం మానుకున్నారు. దాచిన ఒక్క వాక్యానికి పసిపిల్లలు మూల్యం చెల్లించారు.

ఇక మన దేశం విషయానికి వద్దాం. ఇక్కడ నీతి చెడడానికి వ్యక్తుల స్వభావమే కారణమని కొందరంటారు. నేను అలా అనుకోను. ప్రచురణకు ఉపయోగపు విలువ పోయి మారకపు విలువ ఒక్కటే మిగిలేట్లు చేసిన విధానం అసలు కారణం. పిహెచ్.డి. సిద్ధాంత వ్యాసం సమర్పించే ముందు ఒక పరిశోధన వ్యాసం అచ్చు కావాలని విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం, అంటే యు.జి.సి., 2009లో నియమం పెట్టింది. 2010లో అధ్యాపకుల పదోన్నతిని మార్కుల పట్టికకు ముడిపెట్టింది. 2018 నియమావళి భాషలు, మానవీయ శాస్త్రాలలో ఒక్కో వ్యాసానికి 10 మార్కులు కేటాయించింది. ఉద్దేశం మంచిదే కావచ్చు. అయితే ఫలితం ఏమిటి? వ్యాసం ఎవరైనా చదివారా, దానివల్ల ఒక సందేహమైనా తీరిందా అన్న ప్రశ్న వెనకబడింది. ఎక్కడ అచ్చయింది, ఎన్ని మార్కులు వచ్చాయి అన్న లెక్క ముందుకు వచ్చింది. గిరాకీ ఉన్నచోట అంగడి వెలుస్తుంది.

ఆ అంగడి ఎలా ఉంటుందో చూడండి. నా దగ్గర పదో తరగతి చదివి, తర్వాత తెలుగులో పరిశోధనకు చేరిన ఒక పిల్లవాడు రెండేళ్ల క్రితం తనకు వచ్చిన ఒక ప్రకటన చూపించాడు. రుసుము కడితే మూడు రోజుల్లో అంగీకార పత్రం, వారంలో ప్రచురణ, పైగా ధ్రువపత్రం. కంప్యూటర్ నుంచి చరిత్ర దాకా, తెలుగుతో సహా, అన్ని శాస్త్రాలకూ అదొక్కటే పత్రిక. ఐ.ఎస్.ఎస్.ఎన్. సంఖ్యను పెద్ద అక్షరాలతో వేశారు. ఆ సంఖ్య పత్రికను గుర్తించడానికి ఇచ్చేదే తప్ప నాణ్యతకు ముద్ర కాదని అతనికి ఎవరూ చెప్పలేదు. "కడితే తప్పా మాస్టారూ? మా వాళ్లందరూ కట్టారు" అని అడిగాడు. వ్యవసాయ కూలీల ఇంటి నుంచి వచ్చిన పిల్లవాడు. ఉపకార వేతనంలోంచి ఆ డబ్బు తీయాలి. తప్పని చెప్పడం నాకు తేలికే. బడిపంతులుగా నా జీతం ఏ వ్యాసం మీదా ఆధారపడి లేదు. అతని భవిష్యత్తు ఆధారపడి ఉంది. నీతి గురించి మాట్లాడేటప్పుడు ఈ తేడా మరచిపోతే మన మాట ఉపన్యాసంగానే మిగులుతుంది.

ఈ వ్యాపారం మన తెలుగు నేలమీదనే పెద్ద ఎత్తున సాగింది. హైదరాబాదు కేంద్రంగా వందలాది పత్రికలు నడిపిన ఓమిక్స్ గ్రూప్ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో దావా వేసింది. నిపుణుల పరిశీలన జరుగుతుందని అబద్ధం చెప్పారనీ, అనుమతి లేకుండా పండితుల పేర్లు సంపాదకవర్గంలో వేశారనీ, రుసుముల సంగతి ముందుగా చెప్పలేదనీ ఆరోపణ. 2019లో అమెరికా కోర్టు ఆ సంస్థ 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పు ఇచ్చింది. అంతకుముందే, 2013లో, 'సైన్స్' పత్రిక తరఫున జాన్ బొహానన్ తప్పులతో నింపిన ఒక బూటకపు వ్యాసాన్ని రుసుము తీసుకునే 304 పత్రికలకు పంపి చూశాడు. 157 పత్రికలు దాన్ని అంగీకరించాయి. వాటిలో భారతదేశంలో నడిచేవే ఎక్కువ.

దీనికి యు.జి.సి. వెతికిన మందు జాబితా. 2017లో ఆమోదిత పత్రికల జాబితా విడుదలైంది. విశ్వవిద్యాలయాల సిఫారసుతో అందులో చేరినవాటిలో 1,009 పత్రికలను భూషణ్ పట్వర్ధన్ బృందం పరిశీలించి 2018లో 'కరెంట్ సైన్స్'లో ఫలితాలు ప్రకటించింది. కనీస ప్రమాణాలకు నిలిచినవి 112 మాత్రమే. ఆ ఏడాది మే నెలలో 4,305 పత్రికలను జాబితా నుంచి తొలగించారు. 2019లో 'కేర్' పేరుతో మరో జాబితా వచ్చింది. 2025 ఫిబ్రవరిలో దాన్నీ రద్దు చేసి, పత్రికల ఎంపిక బాధ్యతను విద్యాసంస్థలకే అప్పగించారు. పిహెచ్.డి.కి ముందు వ్యాసం అచ్చు కావాలన్న నిబంధనను 2022లోనే తీసేశారు. ఇందులో మనం గమనించవలసింది ఒకటుంది. ఆ నాసిరకం పత్రికలను సిఫారసు చేసినవి విశ్వవిద్యాలయాలే. పైనుంచి వచ్చిన జాబితా కింది నిర్లక్ష్యాన్ని బాగుచేయలేదు.

అలాగని నేరమంతా చిన్న అంగళ్లదే అనుకోవడం కూడా పొరపాటే. ప్రజల పన్నులతో జరిగిన పరిశోధనను ఆచార్యులు ఉచితంగా రాసి ఇస్తారు. ఇతర ఆచార్యులు సాధారణంగా ఉచితంగానే పరిశీలిస్తారు. పెద్ద అంతర్జాతీయ ప్రచురణ సంస్థలు దాన్ని తిరిగి ఆ విశ్వవిద్యాలయాలకే అమ్ముతాయి. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం సుమారు 13,000 పత్రికల చందా కోసం మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ప్రభుత్వ సంస్థల విద్యార్థులకు ఆ పత్రికలు అందుబాటులోకి రావడం మేలే. కాని శ్రమ ఒకరిది, లాభం ఒకరిది అన్న ప్రశ్న అలాగే ఉంది. విద్యార్థిని మోసం చేసేవాడి గురించి మాట్లాడి ఈ దోపిడీ గురించి మౌనంగా ఉండడం అభ్యుదయవాదికి తగదు.

తెలుగు పరిశోధనకు సంబంధించి ప్రత్యేకంగా మూడు చిక్కులున్నాయి. మొదటిది, మన వలయం చిన్నది. రచయిత పేరు తీసేసి వ్యాసాన్ని నిపుణుడికి పంపినా, అంశాన్నిబట్టి అది ఎవరి శిష్యుడిదో ఆయన పసిగడతాడు. పేరు దాచడం ఒక్కటే చాలదు. గురువునూ, బంధువునూ, తగాదా ఉన్నవాడినీ సమీక్షకుడిగా తీసుకోకపోవడం అవసరం. రెండవది, గ్రంథచౌర్యాన్ని యంత్రం పట్టుకుంటుందనే భ్రమ. యు.జి.సి. 2018 నిబంధనలు పోలికను శాతాల్లో కొలిచి 10 శాతం దాకా శిక్ష లేదన్నాయి. యంత్రం తన దగ్గర ఉన్న పాఠంతోనే పోల్చగలదు. 1924 నుంచి 1991 దాకా వెలువడిన 'భారతి' సంచికల నుంచి ఒక వ్యాసం సారాన్ని ఎత్తుకుని ఇప్పటి భాషలో రాస్తే యంత్రానికి చిక్కదు. ఆ సంచికలు చదివిన మనిషికే చిక్కుతుంది.

మూడవది అన్నిటికన్నా ముఖ్యమైనది. మన జానపద సాహిత్య పరిశోధనకు మూలం బుర్రకథ, ఒగ్గుకథ, జముకుల కథ చెప్పే కళాకారులు, నాట్లు వేస్తూ పాడే స్త్రీలు. వారు రెండు రాత్రులు కూర్చుని చెప్పినదాన్ని రాసుకుని, వ్యాసంలో 'సమాచారదాతలు' అని ఒక్క మాటతో సరిపెట్టేవారున్నారు. ఆచార్యుడి వాక్యం ఎత్తుకుంటే చౌర్యమా? కళాకారుడి కథ మొత్తం ఎత్తుకుంటే క్షేత్రపర్యటనా? ఏ యంత్రమూ ఈ దొంగతనాన్ని శాతాల్లో కొలవదు. వారి అనుమతి తీసుకోవడం, వారికి ఇష్టమైతే పేరు వేయడం, అచ్చయిన ప్రతి వారి చేతికి అందించడం ప్రచురణ నీతిలో మొదటి అంశం కావాలని నా అభిప్రాయం.

ఇతరులను ఇంతగా తప్పుపట్టే మనం మన ఇంటిని కూడా చూసుకోవాలి. 1996లో అమెరికాలో 'సోషల్ టెక్స్ట్' అనే వామపక్ష పత్రిక భౌతికశాస్త్రజ్ఞుడు అలన్ సోకల్ రాసిన వ్యాసాన్ని వేసింది. అది కావాలని రాసిన అర్థంలేని వ్యాసమని ఆ తర్వాత ఆయనే బయటపెట్టాడు. ఆ పత్రికకు అప్పట్లో బయటి నిపుణుల పరిశీలన లేదు. మన భావాలకు అనుకూలంగా ఉంది కనుక వేద్దామనే ధోరణి ఎక్కడికి దారితీస్తుందో ఆ ఉదంతం చెబుతుంది. దృక్పథం సరైనదైతే ఆధారాలు చూడనక్కర లేదనుకోవడం అభ్యుదయం కాదు. మార్క్స్ బ్రిటిష్ మ్యూజియంలో ఏళ్లతరబడి కూర్చుని లెక్కలు సరిచూసుకున్నది అందుకే.

మరి చేయవలసింది ఏమిటి? ఏ సంఘమూ జాబితా ప్రకటించేదాకా ఆగనక్కర లేకుండా తెలుగు పరిశోధన, విమర్శ పత్రికలు కొన్ని పనులు మొదలుపెట్టవచ్చు. వ్యాసాలను ఎలా ఎంపిక చేస్తారో, ఎవరు పరిశీలిస్తారో, రుసుము ఉంటే ఎంతో పత్రికలోనే స్పష్టంగా ప్రకటించాలి. తిరస్కరించిన వ్యాసానికి కారణం రాసి పంపాలి. విద్యార్థికి అదే నిజమైన పాఠం. ప్రతి సంచికలో సవరణలకు కొంత చోటు కేటాయించాలి. ఎత్తుకున్న వ్యాసం బయటపడితే ఎవరిదైనా సరే ఆ సంగతి అచ్చువేయాలి. పర్యవేక్షకుడి పేరు ఆనవాయితీగా చేర్చడం మానాలి. అధ్యాపక సంఘాలు జీతభత్యాలతోపాటు, వ్యాసాల సంఖ్యను లెక్కించే పద్ధతి పోయి వ్యాసాలను చదివి విలువ కట్టే పద్ధతి రావాలని కూడా కోరాలి.

ఆ పిల్లవాడికి నేను డబ్బు కట్టవద్దన్నాను. దానికి బదులుగా వ్యాసం పంపదగ్గ పత్రికలంటూ రెండు మూడు పేర్లే చెప్పగలిగాను. వాటిలో ఒకటి తొమ్మిది నెలల దాకా జవాబు ఇవ్వలేదు. డబ్బు తీసుకునే పత్రిక మూడు రోజుల్లో జవాబిస్తుంది. నిజాయితీగల పత్రిక కనీసం మూడు నెలల్లోనైనా జవాబు ఇవ్వగలిగితే ఆ అంగడికి వెళ్లేవారు కొందరైనా తగ్గుతారు.