పారదర్శక పీడన సంవేదకం

పారదర్శక పీడన సంవేదకం అనగా తనపై పడిన ఒత్తిడిని విద్యుత్ సంకేతంగా మార్చే, వంచినా విరగని, కాంతిని తన గుండా పోనిచ్చే పలుచని పొర. దీని తయారీలో ప్రధానంగా కర్బన నానోనాళికలు, గ్రాఫీన్ వాడతారు. కృత్రిమ చేతులకు, రోబోట్లకు స్పర్శజ్ఞానం కలిగించడం ఈ పరిశోధనల ముఖ్యోద్దేశం. ఇటువంటి సంవేదకాలను వరుసలుగా అమర్చిన పొరను ఎలక్ట్రానిక్ చర్మం అని కూడా అంటారు.

పదార్థాలు

స్పర్శ తెరలలో వాడే ఇండియం టిన్ ఆక్సైడ్ పారదర్శకమైన విద్యుద్వాహకమే గాని, పెళుసైనది. ఎక్కువగా వంచితే పగుళ్ళు బారుతుంది. కర్బన నానోనాళికలు వంగినా విద్యుత్తును ప్రవహింపజేస్తాయి. వీటిని 1991లో జపాన్ శాస్త్రవేత్త సుమియో ఈజిమా వర్ణించిన తరువాత పరిశోధనలు ఊపందుకున్నాయి. 2004లో వేరుచేయబడిన గ్రాఫీన్ ఒకే పరమాణువు మందం గల కర్బన పొర. ఇది తనపై పడిన కాంతిలో సుమారు 2.3 శాతాన్ని మాత్రమే పీల్చుకుంటుంది.

పనిచేసే విధానం

వీటిలో రెండు ముఖ్యమైన రకాలున్నాయి. మొదటి రకంలో, నానోనాళికలు కలిపిన మెత్తని పదార్థాన్ని నొక్కినపుడు నాళికలు ఒకదానికొకటి దగ్గరై విద్యుత్ నిరోధం తగ్గుతుంది. రెండవ రకంలో, రెండు వాహక పొరల నడుమ విద్యుత్ బంధకం ఉంటుంది. నొక్కినపుడు పొరల మధ్య దూరం తగ్గి కెపాసిటెన్స్ పెరుగుతుంది.

రెండవ రకాన్ని అర్థం చేసుకోవడానికి గూడూరు అభ్రకం మంచి ఉదాహరణ. గూడూరు, సైదాపురం పరిసరాల గనులలో లభించే అభ్రకం పలుచని రేకులుగా విడివడుతుంది. ఆ రేకులు వంగుతాయి, పారదర్శకంగా ఉంటాయి, విద్యుత్తును ప్రవహించనీయవు. అందువలన అభ్రకాన్ని రేడియో పరికరాల కెపాసిటర్లలో వాడుతూ వచ్చారు. అయితే అభ్రకం ఒత్తిడికి దాదాపు అణగదు కనుక దాని కెపాసిటెన్స్ స్థిరంగా ఉంటుంది. రేడియోలో ఇది సుగుణం, సంవేదకంలో ఇదే లోపం. అందుచేత సంవేదకంలో సులభంగా అణగి, తిరిగి పూర్వస్థితికి వచ్చే సిలికోన్ రబ్బరు వంటివి వాడతారు.

పరిశోధనలు

2011లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జెనాన్ బావో బృందం నానోనాళికల పూతతో సాగే పారదర్శక సంవేదకాలను తయారుచేసింది. రబ్బరును ఒకసారి సాగదీసి వదిలినపుడు నాళికలు స్ప్రింగుల వలె ముడుచుకొని, తిరిగి సాగదీసినా తెగకుండా నిలిచాయి.

వంపును కూడా ఒత్తిడిగా పొరబడడం పాత సంవేదకాలలోని పెద్ద లోపం. 2016లో టోక్యో విశ్వవిద్యాలయానికి చెందిన తకావో సొమేయా బృందం నానోనాళికలు, గ్రాఫీన్ కలిపిన సన్నని పోగులతో దీనిని చాలావరకు అధిగమించింది. వంచినపుడు పోగులు సర్దుకొనడం వలన ఒత్తిడి కొలత అంతగా మారదు.

2017లో ఐఐటీ హైదరాబాదుకు చెందిన పరీక్షిత్ సహతియా, సుష్మీ బధూలిక పెన్సిలు గీతలు చెరిపే రబ్బరుపై నానోనాళికలతో సంవేదకాలు రూపొందించారు. ఇవి పారదర్శకం కాకపోయినా, చవకైన వస్తువులతో ఎలక్ట్రానిక్ చర్మం చేయవచ్చని చూపాయి.

ఉపయోగాలు, పరిమితులు

మధుమేహం వలన పాదాలలో స్పర్శ కోల్పోయినవారికి ఎక్కడ ఒత్తిడి అధికమవుతున్నదో తెలియక పుండ్లు పడతాయి. పాదరక్షలలో అమర్చిన పీడన సంవేదకాలు ఆ చోటును ముందుగానే చూపగలవు. ఒంటికి అంటించే సంవేదకం పారదర్శకమైతే దాని క్రింది చర్మాన్ని వైద్యుడు చూడగలుగుతాడు.

నానోనాళికలు ఎక్కువైతే వాహకత పెరిగినా పారదర్శకత తగ్గుతుంది. వేడి, తేమల వలన కొలత మారవచ్చు. పదేపదే నొక్కిన మెత్తని పొర పూర్వస్థితికి ఆలస్యంగా చేరుతుంది. తయారీలో నానోనాళికల ధూళిని పీల్చకుండా జాగ్రత్తపడాలి.