నలుపు తెలుపు సినిమా, వంగపండు రంగు జాకెట్టు

‘మిస్సమ్మ’లో సావిత్రి కట్టిన చీర ఏ రంగుదో చూసినవాళ్ళెవరికీ తెలీదు. 1955లో వచ్చిన ఆ సినిమా నలుపు తెలుపు. 1957 నాటి ‘మాయాబజార్’ కూడా అంతే, 1962 నాటి ‘గుండమ్మ కథ’ కూడా అంతే. మొత్తం రంగుల్లో తీసిన తొలి తెలుగు సినిమా ‘లవకుశ’ 1963లో గానీ రాలేదు. అంటే మా మామ్మ తరం ఆడవాళ్ళు నర్సీపట్నంలో సినిమా చూసి రోలుగుంట తిరిగొచ్చేసరికి వాళ్ళ కళ్ళలో మిగిలింది జాకెట్టు చెయ్యి ఎంత పొడుగుంది, భుజం దగ్గర కుచ్చు ఎంత లేచింది, పైట ఎక్కడ నిలిచింది అన్నంతవరకే. రంగు ఎవరికి వాళ్ళే ఎంచుకోవాలి. ఎంచుకున్నారు కూడా!

పాత బట్టల మీద, పాత సినిమాల మీద నాకున్న ప్రేమంతా ఇక్కడే ఉంది. ఆ రోజుల ఫ్యాషన్ అంటే మద్రాసు నుంచి దిగింది దిగినట్టు తొడుక్కోవడం అనుకుంటారు చాలామంది. నేనలా అనుకోను. తెర సగమే ఇచ్చింది. మిగతా సగం మా ఊళ్ళ ఆడవాళ్ళూ, దర్జీలూ, నేతగాళ్ళూ కలిసి పూర్తిచేశారు.

మా మామ్మ ట్రంకు పెట్టెలో ఒక వంగపండు రంగు జాకెట్టు ఉంది. బుట్ట చేతులు. భుజం మీద కుచ్చుల్ని వేలితో తడిమితే ఒక్కో మడతా మరోదాని పక్కన వరసగా, సమానంగా ఒదిగి ఉంటుంది. చెయ్యి అంచున అరచేతి వెడల్పు పట్టీ. చంక కింద నలుచదరపు చిన్న ముక్క అతికారు, చెయ్యి పైకెత్తినా గుడ్డ లాగకుండా. తిరగేసి చూస్తే పక్క కుట్ల లోపల రెండు వేళ్ళ వెడల్పు గుడ్డ వదిలి ఉంది. పెళ్ళైన కొత్తలో కుట్టించుకున్న జాకెట్టుని పిల్లలు పుట్టాక కుట్టు విప్పి వదులు చేసుకోవచ్చు. చేసుకుంది కూడా, పాత కుట్టు పడిన సూది రంధ్రాలు ఇంకా కనిపిస్తాయి. దీన్ని చిలకపచ్చ వాయిల్ చీర మీదకి తొడుక్కునేదట. వంగపండు మీదకి చిలకపచ్చ అని సావిత్రీ చెప్పలేదు, జమునా చెప్పలేదు.

ఆ జాకెట్టు పట్టుకెళ్తే మా దర్జీ చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. “ఏటమ్మా, ఈ చెయ్యి ఇప్పుడెవులు కుడతన్నారు?” అని నాలుగు ముక్కలు కత్తిరించి, కుచ్చులు చేత్తోనే లాగి, అచ్చం అలాంటిదే కుట్టి ఇచ్చాడు. మిషను మీద ఆ కుచ్చు రాదని ఆయన మాట.

మరి రంగుల ఊహ ఎక్కడి నుంచి వచ్చింది? పొలాల నుంచి, పండగల నుంచి, అద్దకం వాళ్ళ నుంచి వచ్చిందే ఎక్కువ. అయితే ‘చందమామ’ని మాత్రం నేను మర్చిపోలేను. పారిస్‌లో క్రిస్టియన్ డియోర్ సన్నటి నడుము, వెడల్పాటి పావడాతో ప్రపంచాన్ని తన వైపు తిప్పుకున్న 1947లోనే, జులైలో, నాగిరెడ్డి, చక్రపాణి ‘చందమామ’ మొదలుపెట్టారు. పైన చెప్పిన మూడు నలుపు తెలుపు సినిమాలూ తీసిన విజయా సంస్థ కూడా వాళ్ళదే. తెర మీద నలుపు తెలుపులో కథ చెప్పిన చేతులే ముఖచిత్రం మీద రంగులు పంచాయి. ఆ రంగులు వేసిన వాళ్ళలో వడ్డాది పాపయ్య (వపా) ఉన్నారు. వపా పుట్టింది శ్రీకాకుళం, ఉన్నది మా అనకాపల్లి పక్కన కశింకోట. ఆయన బొమ్మల్లో ఆడవాళ్ళ చీరలు చూడండి, ఒక రంగు ఇంకో రంగులోకి కరిగిపోతూ ఉంటుంది. మద్రాసులో అచ్చయ్యే పుస్తకానికి మా కశింకోట వీధి నుంచి రంగు వెళ్ళిందంటే నాకు ఇప్పటికీ గర్వంగానే ఉంటుంది.

మగవాళ్ళ సంగతీ చెప్పాలి. గ్లాస్కో పంచె, లాల్చీ, భుజాన కండువా. అక్కినేని నాగేశ్వరరావు ఇష్టంగా కట్టిన పంచె పొందూరుది. శ్రీకాకుళం జిల్లా పొందూరులో పత్తిని ఈనాటికీ వాలుగ చేప దవడ ఎముకతో ఏకుతారు. ఆ ఎముక పళ్ళు అంత సన్నగా, అంత దగ్గరగా ఉంటాయి కాబట్టే అంత నాజూకైన నూలు వస్తుంది. తర్వాత కృష్ణ ‘గూఢచారి 116’ 1966లో వచ్చింది, కోటూ ప్యాంటూ కుర్రాళ్ళ కలల్లోకి వచ్చాయి. ఉతికి ఆరేస్తే చాలు, ఇస్త్రీ అక్కర్లేదని టెరిలిన్ చొక్కా వెనకాల పడ్డారు. మన ఎండలకి ఆ గుడ్డ ఎంత మాత్రం నప్పదు, అయినా పెళ్ళిచూపులకి అదే!

ఇక పాటలు. 1963లో విశాఖ ఆకాశవాణి కేంద్రం వచ్చింది. రేడియో సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురై గొంతు తెలుగు పాటలు వినిపించేది. సినిమా హాలు బయట అమ్మే పాటల పుస్తకం కొనుక్కొచ్చుకుని, రేడియో దగ్గర కూర్చుని చూసి పాడుకునేవారు. మా ఇంట్లో అట్టలు ఊడినవి కొన్ని మిగిలాయి.

మిగలనివి తల్చుకుంటేనే నాకు కడుపు తరుక్కుపోతుంది. “పాత పట్టుచీరలు కొంటాం” అని వీధిలో కేక వినపడుతుందే, ఆ చీర ఎక్కడికి పోతుందో తెలుసా? అసలు జరీలో ఉండేది వెండి తీగ, పైన బంగారు పూత. చీరని కాల్చి ఆ వెండి తీసుకుంటారు. ఎవరో నెలల తరబడి మగ్గం మీద కూర్చుని నేసింది, ఒకామె పెళ్ళిపీటల మీద కట్టుకున్నది, చిన్న వెండి ముద్దగా మిగులుతుంది. నూలు చీరలైతే స్టీలు సామాన్ల వాళ్ళకి. ఒక గిన్నె చేతికొస్తుంది, అమ్మమ్మల కాలం నాటి చీరల మూట వెళ్ళిపోతుంది. ఇచ్చినవాళ్ళని నేను తప్పు పట్టను. దాచుకోమని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

2018లో సావిత్రి జీవితకథగా ‘మహానటి’ వచ్చాక కొంచెం మార్పొచ్చింది. ఆ సినిమా దుస్తులకి జాతీయ అవార్డు కూడా వచ్చింది. హైదరాబాదు చేనేత డిజైనర్ గౌరంగ్ షా చేసిన చీరలు కట్టుకుని కీర్తి సురేశ్ తెర మీద నడిచాక, మా వైపు పిల్లలు కూడా మామ్మల పెట్టెలు తెరవడం మొదలుపెట్టారు. ‘మాయాబజార్’కి 2010లో రంగులు అద్దినప్పుడు మాత్రం నాకంత సంతోషం కలగలేదు. పనితనం గొప్పదే. కానీ శశిరేఖ ఓణీకి మా మామ్మ ఒక రంగు అనుకుంది, పక్కింటి అప్ప ఇంకో రంగు అనుకుంది. ఆ హక్కు వాళ్ళకి ఉండనివ్వాలని నాకనిపిస్తుంది.

మీ పెట్టెలో పట్టుచీర ఉంటే అప్పుడప్పుడూ తీసి మడత మార్చి మడవండి, ఒకే మడత మీద ఏళ్ళ తరబడి ఉంటే అక్కడే చిరుగుతుంది. కలరా ఉండ జరీకి తగలనివ్వకండి. ఉతికిన తెల్లటి నూలు గుడ్డలో చుట్టండి. బుట్ట చేతుల జాకెట్టు దొరికితే కుట్టు విప్పించకండి. వయసు మళ్ళిన దర్జీ ఒకర్ని వెతికి, పాత పేపరు మీద దాని కొలతలు గీయించండి. చంక కింద ముక్కని విడిగా గీయమనండి, లోపల వదిలిన గుడ్డ కూడా కలిపి.