సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు: కారు చౌకే.. మరి ఇంజిన్ పోతే? కొనేముందు వేసుకోవాల్సిన లెక్క ఇదే

పోర్షే కారు.. ధర సుమారు 12 వేల డాలర్లు! అమెరికాలో కొత్త టయోటా కరోలా ధర కంటే ఇది చాలా తక్కువ. అక్కడ ఉద్యోగంలో చేరి, నాలుగు డబ్బులు వెనకేసుకున్న మన కుర్రాళ్లకు ఇలాంటి సెకండ్ హ్యాండ్ యాడ్ కనిపిస్తే చెయ్యి ఆగదు. చిన్నప్పుడు గోడ మీద పోస్టర్‌లో చూసిన కారు మరి. కానీ అదే యాడ్‌లో కింద చిన్నగా ఇంకో లైన్ ఉంటుంది. 'లక్షా 10 వేల మైళ్లు తిరిగింది' అని. మన లెక్కలో దాదాపు లక్షా 77 వేల కిలోమీటర్లు. అసలు కథ అక్కడే మొదలవుతుంది. ఆ ఇంజిన్ పోతే, కొత్తగా వేయించే ఇంజిన్ ఖర్చు కారు ధరనే దాటేస్తుంది!

అంత చౌకగా ఎందుకు వస్తోంది?

ఉదాహరణకు పోర్షే బాక్‌స్టర్ మొదటి తరం మోడల్ చూద్దాం. 1996 నుంచి 2004 వరకు తయారైన ఈ కారు నడపడానికి అద్భుతం అని ఆటోమొబైల్ ప్రియులు ఇప్పటికీ చెబుతారు. అయినా ధర పడిపోవడానికి ఒక పెద్ద కారణం ఇంజిన్ మీద ఉన్న భయమే. ఆ భయానికి ఒక పేరు కూడా ఉంది.. ఐఎంఎస్ బేరింగ్.

ఇంజిన్ లోపల ఇంటర్మీడియట్ షాఫ్ట్ అని ఒక కడ్డీ తిరుగుతూ ఉంటుంది. క్రాంక్ షాఫ్ట్ నుంచి వచ్చే తిప్పుడును చైన్ల ద్వారా వాల్వులు తెరిచే క్యామ్ షాఫ్టులకు అందించడం దాని పని. ఆ కడ్డీని ఒక చివర మోసేది చిన్న బాల్ బేరింగ్. అది అరిగి విరిగిందంటే టైమింగ్ తప్పుతుంది. వాల్వులు వెళ్లి పిస్టన్లకు కొట్టుకుంటాయి. ఇనుప ముక్కలు ఆయిల్‌తో పాటు ఇంజిన్ అంతా తిరుగుతాయి. చాలాసార్లు ముందస్తు హెచ్చరిక కూడా ఉండదు. చిన్న పార్ట్ పోయిందని మొత్తం ఇంజిన్ పక్కన పెట్టాల్సిందే.

ఈ సమస్యపై అమెరికాలో కోర్టు కేసు కూడా నడిచింది. 2001 నుంచి 2005 మధ్య తయారైన కొన్ని బాక్‌స్టర్, 911 కార్ల ఓనర్లు వేసిన క్లాస్ యాక్షన్ కేసులో 2013లో సెటిల్‌మెంట్ జరిగింది. అయితే ఆ గడువులు ఎప్పుడో ముగిశాయి. ఇప్పుడు కొనేవాళ్ల ఇంజిన్ పోతే ఖర్చంతా వాళ్ల జేబులోంచే.

అలాగని ఇలాంటి ప్రతి కారూ ఆగిపోతుందని కాదు. బేరింగ్ జోలికి వెళ్లకుండానే 2 లక్షల మైళ్ల వైపు వెళ్తున్నవీ ఉన్నాయి. పోయే అవకాశం తక్కువే.. కానీ పోతే మాత్రం దెబ్బ మామూలుగా ఉండదు.

ఇంజిన్ పోతే ఎంత ఖర్చు?

దారులు మూడే.

మొదటిది, సెకండ్ హ్యాండ్ ఇంజిన్. యాక్సిడెంట్ అయిన కారు నుంచి తీసింది. చౌకగానే దొరుకుతుంది. కానీ దానిలోనూ అదే బేరింగ్, అదే వయసు. ఒక రిస్క్ తీసేసి ఇంకో రిస్క్ బిగించుకున్నట్టే.

రెండోది, రీబిల్ట్ ఇంజిన్. స్పెషలిస్ట్ షాపుల్లో పూర్తిగా విప్పి, అరిగినవన్నీ మార్చి ఇస్తారు. బిగింపు ఖర్చుతో కలిపి 15 వేల డాలర్లు సులువుగా దాటుతుంది. పైగా 'కోర్ ఛార్జ్' ఉంటుంది. అంటే పాత ఇంజిన్ వాళ్లకు తిరిగి ఇవ్వాలి. దాని బ్లాక్ పగిలిపోయి ఉంటే ఎక్స్‌ట్రా డబ్బులు కట్టాలి.

మూడోది, కంపెనీ ఇంజిన్. ఇది అన్నిటికంటే ఖరీదు. 12 వేల డాలర్ల కారుకు ఇది పెట్టేవాళ్లు అరుదు.

బిల్లు ఇంతటితో ఆగదు. బాక్‌స్టర్‌లో ఇంజిన్ సీట్ల వెనకాల, కారు మధ్యలో ఉంటుంది. దించాలంటే కింద నుంచే దించాలి. ఎలాగూ దించారు కాబట్టి క్లచ్, వాటర్ పంప్, ఇంజిన్ మౌంట్లు, ఆయిల్ సీళ్లు, పాత గొట్టాలు కూడా మార్చేయడం మంచిదని మెకానిక్ చెబుతాడు. అది నిజం కూడా. ఇనుప రజను చేరిన ఆయిల్ కూలర్‌ను మార్చకపోతే కొత్త ఇంజిన్‌కూ ముప్పే.

మొత్తం కలిపితే.. 12 వేలకు కొన్న కారు మీద దాదాపు 30 వేల డాలర్లు పెట్టినట్టు అవుతుంది. తిరిగి అమ్మితే అంత రాదు. ఆ బడ్జెట్‌తో ముందే వెతికి ఉంటే అసలు ఈ బేరింగే లేని 2009 తర్వాతి మోడల్ వైపు చూడొచ్చు.

ఏ ఏడాది మోడలో చూడాల్సిందే

ఒకే పేరున్న కార్లలోనూ ఇంజిన్లు వేరు. 2005 వరకు వచ్చిన వాటిలో ఈ బేరింగ్‌ను గేర్‌బాక్స్ దించి మార్చొచ్చు. క్లచ్ వేసేటప్పుడే ఈ పనీ చేయిస్తే లేబర్ ఖర్చు కలిసొస్తుంది. 2006 నుంచి 2008 వరకు బేరింగ్ సైజ్ పెంచారు. అది గట్టిదే కానీ మార్చాలంటే ఇంజిన్ మొత్తం విప్పాలి. ఇక అదే కాలం నాటి 911 టర్బో, జీటీ3ల్లో ఉన్నది వేరే ఇంజిన్. వాటికి ఈ సమస్య లేదు.

షెవర్లే కార్వెట్ 1997-2004 మోడల్ కూడా చౌక స్పోర్ట్స్ కార్ల లిస్టులో ఉంటుంది. దాని వీ8 ఇంజిన్ కుటుంబాన్నే జనరల్ మోటార్స్ తన ట్రక్కుల్లోనూ వాడింది. అందుకే పార్టులు, పాత ఇంజిన్లు ఎక్కడ పడితే అక్కడ దొరుకుతాయి. చేయగలిగిన మెకానిక్‌లూ ఎక్కువే. కొనే ధర దగ్గర దగ్గరగా ఉన్నా, ఇంజిన్ పోయిన రోజు వచ్చే బిల్లు మాత్రం ఒకటి కాదు.

తక్కువ తిరిగిన కారైతే సేఫా?

అలా అనుకుంటే పొరపాటే. ఏళ్ల తరబడి షెడ్డులో పడి ఉన్న కారులో ఆయిల్ పాడవుతుంది, సీళ్లు ఎండిపోతాయి. 40 వేల మైళ్లే తిరిగి, సర్వీస్ కాగితాలు లేని కారు కంటే.. లక్ష మైళ్లు దాటినా ప్రతి ఆయిల్ ఛేంజ్‌కు బిల్లు ఉన్న కారే మేలు అనుకోవచ్చు.

కొనేముందు ఇవి చూడాలి

* అమ్మేవాళ్లతో ముందే చెప్పండి.. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేసి చూడాలని. వెళ్లేసరికి బానెట్ వేడిగా ఉంటే అనుమానించాల్సిందే. చల్లగా ఉన్నప్పుడే చప్పుళ్లు, పొగ బయటపడతాయి. నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఆయిల్ కాలుతున్నట్టు.
* ఆయిల్ ఫిల్టర్‌ను కోసి చూపించమనండి. ఇనుప మెరుపులు కనిపిస్తే కారు వదిలేయడమే మంచిది.
* స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి చిన్న కెమెరా పంపి సిలిండర్ గోడలు చూడొచ్చు. నిలువు గీతలు ఉన్నాయంటే మన మెకానిక్‌ల భాషలో ఇంజిన్ 'బోరుకొచ్చింది' అన్నమాట.
* స్కానర్ పెట్టినప్పుడు ఎర్రర్ కోడ్స్ లేవని సంబరపడొద్దు. మానిటర్లు 'నాట్ రెడీ' అని చూపిస్తే, కోడ్స్‌ను ఈమధ్యే చెరిపేసి ఉండొచ్చు.
* ఆ బ్రాండ్ తెలిసిన, అమ్మేవాళ్లతో సంబంధం లేని మెకానిక్‌తో చెక్ చేయించండి. కొన్ని వందల డాలర్లు అవుతుంది. వేల డాలర్ల నష్టం ముందు అది లెక్కలోదే కాదు.

చట్టం కాపాడుతుందా?

అమెరికాలో డీలర్ దగ్గర సెకండ్ హ్యాండ్ కారు అద్దానికి 'బయర్స్ గైడ్' అనే కాగితం ఉండాలి. దాని మీద 'యాజ్ ఈజ్' అని టిక్ ఉంటే, కొన్నాక రిపేర్లకు డీలర్ బాధ్యత లేదని అర్థం. న్యూయార్క్, న్యూజెర్సీలో పాత కార్లకూ లెమన్ చట్టం ఉంది. కానీ లక్ష మైళ్లు దాటిన కార్లకు అది వర్తించదు. అంటే మనం మాట్లాడుకుంటున్న కార్లే బయట మిగిలిపోతాయి. ఇన్సూరెన్స్ కూడా యాక్సిడెంట్‌కే తప్ప అరుగుదలకు డబ్బులివ్వదు.

హైదరాబాద్‌లో పాత లగ్జరీ కారు కొనేవాళ్లకూ ఈ చివరి మాట వర్తిస్తుంది. ఇంకోటి.. కారులో ఉన్న ఇంజిన్ నంబర్, ఆర్సీలో ఉన్న నంబర్ ఒకటేనా అని సరిచూసుకోవాలి. ఇంజిన్ మార్చి ఆర్టీఓ రికార్డుల్లో ఎక్కించకపోతే రేపు క్లెయిమ్ దగ్గర, అమ్మకం దగ్గర చిక్కు తప్పదు.

చివరిగా ఒక్క ప్రశ్న. కారు కొనడానికి డబ్బులున్నాయా అని కాదు.. కొన్న ఆరు నెలలకే ఇంజిన్ పోతే, అప్పు చేయకుండా తట్టుకోగలరా? అవును అంటే ధైర్యంగా కొనొచ్చు. కాదు అంటే ఇంకో రెండేళ్లు ఆగి, ఈ సమస్య లేని మోడల్‌కు వెళ్లడమే నయం. కల ఎక్కడికీ పోదు. దాచుకున్న డబ్బు పోతే మాత్రం తిరిగి రావడం కష్టం.