పెంట్లండ్ జలసంధిలో కటమరాన్

మన తీరమున జాలరులు దుంగలను త్రాళ్లతో బిగించి కట్టి అలల మీదికి త్రోయు తెప్పను తమిళులు కట్టుమరమందురు. ఆ మాటనే ఆంగ్లేయులు తమ నాలుకకు అనువుగా త్రిప్పుకొని కటమరాన్ అనిరి. కాని నేడా పేరు వహించిన ఓడ మన తెప్ప వంటిది కాదు. రెండు సన్నని పడవలను ఎడమెడముగా నిలిపి, వానిపై విశాలమైన వేదికను పరచిన యా నిర్మాణమునకు పసిఫిక్ దీవులవారి జంట పడవలే పూర్వులు. పేరు కోరమాండల్ తీరమిచ్చినది, రూపము వేరొక సముద్రమిచ్చినది.

స్కాట్లండునకు ఉత్తరమున, సుమారు 22 వేల జనము నివసించు ఆర్క్నీ దీవులకు ఇట్టి ఓడయే కార్లను, లారీలను చేరవేయుచున్నది. నడుమనున్న పెంట్లండ్ జలసంధి వెడల్పు స్వల్పమే. అయినను అట్లాంటిక్, ఉత్తర సముద్రములు రెండును పోటుపాటులతో అచ్చట ఒరసికొనుటచే, అది బ్రిటను చుట్టునున్న జలములలో మిక్కిలి ఉద్ధృతమైన ప్రవాహములు గలదిగా పేరొందినది. దారిలో కనుపించు స్వోనా దీవిని 1974లో కడపటి నివాసులు విడిచిపోగా, వారు వదలిన పశువుల సంతతి నేటికిని అడవి మందయై మేయుచున్నది.

స్కాట్లండు తీరమునగల గిల్స్ బే రేవున ఓడ తలుపు దిగగానే, పనివాని చేసైగలను అనుసరించి కార్లు ఒకదాని వెనుక నొకటి లోనికి జొచ్చును; కారుకును కారుకును నడుమ మనిషి ప్రక్కవాటుగా దూరునంత సందే మిగులును. మాంసపు పశువుల పెంపకమునకు పేరుపడిన దీవులగుటచే, ఆ వరుసలలో పశువుల లారీకిని చోటుండవలెను. ఓడకు నిలుకడ నిచ్చునది జంట అడుగుల నడుమనున్న వెడల్పే. సన్నని అడుగులు నీటిని తక్కువగా త్రోయుటచే ఇంధనమును మిగులును. అయితే అలలు ప్రక్కనుండి కొట్టినపుడు చటుక్కున ఒరిగి చటుక్కున లేచు ఆ కుదుపు, కడుపు బలము లేనివారికి సుఖకరము కాదు.

సుమారు గంటలో సెయింట్ మార్గరెట్స్ హోప్ వచ్చును. అది సౌత్ రోనల్డ్‌సే అను వేరు దీవిలోని ఊరు. అచ్చటినుండి రాజధానియగు కిర్క్‌వాల్‌కు మరియొక పడవ యెక్కక కారులోనే పోగలుగుట యుద్ధపు పుణ్యము! 1939 అక్టోబరు 14న జర్మను జలాంతర్గామి స్కాపా ఫ్లో నౌకాశ్రయమున జొరబడి రాయల్ ఓక్ యుద్ధనౌకను ముంచగా ఎనిమిదివందలకు పైగా నావికులు మరణించిరి. పిమ్మట ఆ నౌకాశ్రయపు తూర్పు దారులను మూయుటకు చర్చిల్ ఆనతిపై, ఇటలీ యుద్ధఖైదీల శ్రమతో, నాలుగు అడ్డుకట్టలు లేచినవి. శత్రువును ఆపుటకు కట్టిన గోడలే నేడు దీవినుండి దీవికి బాటలు. అవి లేనిచో ఈ చిన్నదారి ఓడకు అంత విలువ యుండెడిది కాదు.

స్క్రాబ్‌స్టర్ నుండి స్ట్రోమ్‌నెస్‌కు గంటన్నర పట్టు ఆర్క్నీ పాత దారిని ప్రభుత్వము ధనమిచ్చి నడిపించుచుండగా, పెంట్లండ్ ఫెర్రీస్ అను కుటుంబ సంస్థ 2001లో, అట్టి సాయము లేకయే, గిల్స్ బే నుండి ఈ దారి నారంభించినది. ఫిలిప్పీన్సులో కట్టిన పెంటలీనా అను కటమరాన్ 2009లోను, వియత్నాములో కట్టిన ఆల్‌ఫ్రెడ్ 2019లోను కొలువున ప్రవేశించినవి. 85 మీటర్ల పొడవుగల ఆల్‌ఫ్రెడ్ నిర్మాణ వ్యయము సుమారు 1 కోటి 40 లక్షల పౌండ్లు. ఓడల కొరతచే చిక్కుపడిన ప్రభుత్వ సంస్థ కాల్‌మాక్, 2023లో ఆ ఓడనే తొమ్మిది నెలలకు 90 లక్షల పౌండ్లిచ్చి అద్దెకు గైకొనినది; పెంటలీనా మరల గిల్స్ బే దారిన తిరుగసాగినది.