పుల్లని రొట్టె, అందరికీ ఒకే పళ్లెం

ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో మామూలు హోటల్లో కూర్చుంటే మనిషికో కంచం రాదు, చెంచాలూ రావు. పెద్ద గుండ్రటి పళ్లెం నిండా పరిచిన బూడిదరంగు రొట్టె వస్తుంది. దాని మీద ఎర్రటి పప్పు, ఆకుకూర, పసుపు వేసి వండిన క్యాబేజీ కుప్పలు కుప్పలుగా ఉంటాయి. బల్ల చుట్టూ కూర్చున్న నలుగురూ అందులోంచే తినాలి. కొత్తవారికి చెయ్యి ఎక్కడ పెట్టాలో తోచదు.

ఆ రొట్టె ఇంజెరా. టెఫ్ అనే ధాన్యంతో చేస్తారు. గ్రాముకు దాదాపు 3 వేల గింజలు తూగేంత చిన్న ధాన్యం అది. పిండి కలిపి, పాత పిండి మీద తేరిన నీటిని తోడుగా పోసి, రెండు మూడు రోజులు పులియనిస్తారు. మితాద్ అనే పెద్ద పెనం మీద పలచగా పోసి మూత పెడతారు, తిరగెయ్యరు. పులిసిన పిండిలోని గాలి పైకి తన్నుకొచ్చి రొట్టె నిండా కన్నాలు పడతాయి. కూర రసాన్ని పీల్చుకునేవి ఆ కన్నాలే.

చాలామంది వెనకాడేది పులుపు దగ్గరే. మన దోసె పులుపుకన్నా ఇది ఘాటు. పైగా రొట్టె చల్లారాకే వడ్డిస్తారు. పెనం మీది దోసె నేరుగా కంచంలో పడాలనుకునే తెలుగువారికి అది మొదట నిరాశే. అయితే ఉత్త రొట్టె కొరికి చూసి తీర్పు చెప్పడం ఆ వంటకు అన్యాయం. చిన్న ముక్క తుంచి, కుడిచేత్తో దాంట్లోకి కూరను మడిచి తినాలి. మైసూరు పప్పుతో వండిన మిసిర్ వొట్ కారం ఆ పులుపుతో కలిసినప్పుడే రొట్టె అంత పుల్లగా ఎందుకుందో నాలుకకు తెలుస్తుంది.

ఆ కారం పేరు బెర్బెరే. ఎండుమిర్చి, వెల్లుల్లి, అల్లం, మెంతులు, వాము, నల్లజీలకర్ర, ఇంకా కొరారిమా అనే అక్కడి ఏలకులు కలిపి కొట్టిన పొడి ఇది. ఇందులో చాలావరకు మన వంటింట్లో ఉన్నవే. కోడికూర డోరో వొట్‌కైతే బోలెడు ఉల్లిపాయలు సన్నగా తరిగి, ముందు నూనె లేకుండా, సన్నటి సెగ మీద చాలాసేపు మగ్గిస్తారు. తర్వాతే మసాలా నెయ్యి, బెర్బెరే వేస్తారు. ఉడికించిన గుడ్లు చివర్లో చేరతాయి. తొందరపడితే ఆ కూర కుదరదు.

శాకాహారులకు ఈ దేశం వంట ఒక వరం. ఇథియోపియా ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాల్లోనూ, ఈస్టర్‌కు ముందు 55 రోజులూ మాంసం, గుడ్లు, పాలు, నెయ్యి ముట్టరు. అన్నీ కలిపి ఏడాదిలో మామూలు భక్తులకే 180 దాకా ఉపవాస దినాలున్నాయి. అన్నేసి రోజులు పప్పులు, కూరగాయలతోనే గడపాలి గనుక ఆ వంట అంతగా పండింది. శనగలు, బఠాణీల పిండితో చేసే షిరో అందులో మేటి. 1984 నాటి కరవు ఫొటోలతోనే ఇథియోపియాను గుర్తుపెట్టుకున్నవారు ఈ పళ్లెం ముందు ఒకసారి కూర్చోవాలి. ఒక దేశాన్ని ఆకలితో మాత్రమే గుర్తుంచుకోవడం తప్పు.

పక్కనున్నవారు ఉన్నట్టుండి ముద్ద చుట్టి మీ నోటికి అందిస్తే కంగారుపడకండి. అది గుర్షా. మన ఇళ్లలో గోరుముద్దలు పిల్లలకే. అక్కడ పెద్దవాళ్లు కూడా ఒకరికొకరు తినిపించుకుంటారు. వద్దంటే ఎదుటివారు నొచ్చుకుంటారు.

భోజనమయ్యాక కాఫీ. పచ్చి గింజలను అతిథుల ముందే వేయించి, దంచి, జెబెనా అనే మట్టి కూజాలో కాస్తారు. మూడు విడతలుగా పోస్తారు. మొదటి విడతకే లేచి వెళ్లడం మర్యాద కాదు.

అమెరికాలో వాషింగ్టన్ చుట్టుపక్కల ఉండే తెలుగువారికి ఇథియోపియా హోటళ్లు దూరమేమీ కాదు. మొదటిసారి వెళ్లేవారు పచ్చి మాంసంతో చేసే కిట్‌ఫో జోలికి పోకుండా, బెయైనెతు అనే ఉపవాస పళ్లెం అడగండి. ఒక్కరే వెళ్లకండి, ఇద్దరు ముగ్గురిని వెంటబెట్టుకు వెళ్లండి. కూరలన్నీ అయ్యాక, వాటి రసంలో నానిన అడుగు రొట్టెను మాత్రం వదిలిపెట్టకండి. పళ్లెం మొత్తంలో అన్నిటికన్నా రుచైనది అదే.